తొంభై నాలుగు మార్కుల పొడి

జూన్ 4

పిన్నీ,

ముందు ఫిర్యాదు, ఆ తర్వాతే క్షేమ సమాచారాలు. పోయిన నెల సెలవుకి ఇంటికెళ్ళి సంచీ కింద పెట్టానో లేదో, పై వాటా ఆవిడ ఆగిపోయిన మిక్సీ చంకనెట్టుకుని దిగింది. నేను కరెంటు పని చేస్తానని అమ్మ చెప్పిందట. అమ్మ వైపు చూస్తే, గర్వంగా స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు డిగ్రీలు చదివి వంటింటి గట్టు మీద మిక్సీ విప్పాను పిన్నీ. నా ఖర్మ కొద్దీ అది బాగైంది కూడా. మర్నాటికి ఇస్త్రీపెట్టె ఒకటి, టేబుల్ ఫ్యాన్ ఒకటి వచ్చి గుమ్మంలో కూర్చున్నాయి.

నాన్న సంగతి ఇంకో రకం. నేనెక్కడ పనిచేస్తున్నానని ఎవరైనా అడిగితే "పళ్ళ గోడౌన్‌లో" అని మాట మార్చేస్తారట. నువ్వైనా నయమనుకున్నాను. నువ్వేమో నేను రోజూ ఇరవై రకాల రసాలు తాగి ఏది గొప్పదో చెబుతానని, అందుకే నా మొహం నిగనిగలాడుతోందని మీ దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నావట. నా మొహం మీద మూడు మొటిమలున్నాయి. వచ్చి లెక్కపెట్టుకోవచ్చు.

ఇదే చివరిసారి చెప్పడం. పండు కోసి వదిలేస్తే నల్లబడుతుంది కదా, దాన్ని గాలి తింటోందన్నమాట. ఆ తినడాన్ని అడ్డుకునే పదార్థాలు పండులోనే ఉంటాయి, వాటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. అవి తమ దగ్గరున్న ఎలక్ట్రాన్లు ఇచ్చేసి మిగతావాటిని కాపాడతాయి. అవి ఎంత సులువుగా ఇస్తాయి, ఎన్ని ఇస్తాయి అన్నది నేను కొలుస్తాను. చిన్న గాజుగిన్నెలో ఉప్పునీళ్ళ లాంటి ద్రావణం, అందులో నాలుగు చుక్కల రసం, మూడు కడ్డీలు. ఒక కడ్డీ కొసన పెసరగింజంత నల్ల బిళ్ళ ఉంటుంది. దాని మీద కరెంటు ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతాను. ఇంటికి చుట్టాలొస్తే వీధిలో కుర్చీలు అడగడానికి వెళ్తామే, అలాగన్నమాట. కొందరు అడగ్గానే ఇస్తారు, కొందరు బతిమాలితే ఇస్తారు, కొందరసలు తలుపే తియ్యరు. ఎవరైనా ఇచ్చినప్పుడల్లా కంప్యూటర్ తెర మీద గీత కొండలా లేస్తుంది. కొండ ఎక్కడ లేచిందో చూస్తే ఇచ్చిందెవరో తెలుస్తుంది, ఎంత ఎత్తు లేచిందో చూస్తే ఎన్ని ఇచ్చారో తెలుస్తుంది. ఇందులో నా నాలుకకి ఏ పనీ లేదు.

ఇప్పుడు అసలు విషయం. మా పెద్దసారు ఇరవై నమూనాలు కొలవమన్నారు. పళ్ళు, కూరలు, రసాలు అన్నీ కలిపి పంతొమ్మిదయ్యాయి. ఎండబెట్టిన పొడి ఒకటి తక్కువైంది. మీ ఎర్రపొడి ఒక పొట్లం పంపు. మీరు దుకాణంలో అమ్మే పొట్లమే, సీలు తియ్యకుండా. మళ్ళీ చెబుతున్నాను, అమ్మే పొట్లమే.

నేను బాగానే ఉన్నాను. పళ్ళు తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి కాస్త రక్తం వస్తోంది, అంతే. కంగారు పడకు, అమ్మకి చెప్పకు.

నీ తూనీగ


జూన్ 13

ఏమే తూనీగా,

ఉత్తరం పార్సిల్ పెట్టెలోనే పెడుతున్నాను, పొడి కింద వెతుక్కో. నీ ఫోను ఎప్పుడూ డ్రాయర్లోనే ఉంటుంది, అది మోగితే ఆ గీత వణుకుతుందని ఓ పెద్ద కథ చెబుతావు. పోనీలే, ఫోనులో అయితే సగంలో "ఊ" కొట్టి పెట్టేస్తావు. ఉత్తరమైతే చింపడానికైనా విప్పాలి కదా.

నువ్వు రాసింది రెండుసార్లు చదివి మీ బాబాయికి కూడా వినిపించాను. ఆయన అంతా విని, ఇచ్చేవాడే గొప్పవాడన్నమాట అని లేచి వెళ్ళి ట్రేలు తిరగేసుకున్నారు. నాకు అర్థమైందేమిటంటే, నువ్వు తాగుతావు గానీ ఆ సంగతి బయట చెప్పకూడదు. ఆఫీసు రహస్యాలు ఉంటాయి, నాకు తెలీదా. ఎవరికీ చెప్పనులే.

మీ అమ్మని మాత్రం ఏమీ అనకు. మిక్సీ బాగైందా లేదా? చదువు ఎవరికైనా ఉపయోగపడిందంటే అదొక్కటే ఈ మధ్య.

నాదో సందేహం. ఆ గిన్నెలో మనిషి వేలు ముంచితే ఎంత చూపిస్తుంది? పెళ్ళై ఇరవై రెండేళ్ళయింది, మీ బాబాయి అడగ్గానే ఇచ్చింది ఏదీ లేదు. ఈసారి మేమొచ్చినప్పుడు ఆయన్ని ముంచి చూడాలి, కొండ కాకపోయినా పుట్టయినా లేస్తుందేమో.

ఇక్కడ దుకాణం వెనక గది నీకు తెలుసుగా, ఇద్దరం లోపలికెళ్తే ఒకళ్ళు ఊపిరి పీల్చి ఇంకొకళ్ళు వదలాలి. అందులోనే బీట్‌రూట్ తురమడం, దానిమ్మ తొక్క ఎండబెట్టడం, పొడి కొట్టడం, పొట్లాలు కట్టడం అన్నీను. గోడలు ఎర్రబడ్డాయి, నా గోళ్ళు ఎర్రబడ్డాయి, బాబాయి తెల్లచొక్కాలన్నీ గులాబీరంగుకి తిరిగాయి. ఎదురువరసలో ఒకడు ఆకుపచ్చ పొడి మొదలుపెట్టాడు. వాడి పొడి ఏమిటో వాడికే తెలీదు, కానీ డబ్బా మీద ఒక డాక్టరు బొమ్మ వేసుకున్నాడు. జనం బొమ్మని చూసి కొంటున్నారు.

నీ పొట్లం మాత్రం నేనే దగ్గరుండి కట్టాను. సీలు వేసే మిషన్ మన దగ్గరే ఉందిగా, అమ్మే పొట్లం కన్నా గట్టిగా వేశాను. చిగుళ్ళ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు బెంగపెట్టుకోకు. రోజూ పొద్దున్నే పరగడుపున గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచాడు. వారం రోజులు మానకు.

పిన్ని


జూన్ 27

పిన్నీ,

కూర్చుని చదువు. మీ పొడికి తొంభై నాలుగు వచ్చింది.

ఇది ఎంతో నీకు తెలియాలంటే మిగతావి చెప్పాలి. దానిమ్మ గింజల రసం నలభై ఒకటి. జామ ముప్పై ఎనిమిది. వంకాయ తొక్క ఇరవై రెండు. మా క్యాంటీన్ టీ, అదీ మూడోసారి మరిగించింది, పదిహేడు. క్యారెట్ ఆరు. వీటి మధ్య మీ ఎర్రపొడి వెళ్ళి పందిట్లో ఏనుగులా నిలబడింది.

నేను నమ్మలేదు. ముందు నా నల్లబిళ్ళకి మురికి పట్టిందనుకున్నాను. ప్రతిసారీ దాన్ని తడిగుడ్డ మీద మెత్తటి తెల్లపొడి చల్లి, ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ అరగదియ్యాలి, రోజుకి నలభై సార్లు. (ఇది మాత్రం అమ్మకి చెప్పకు. గిన్నెలు తోముతున్నానని చెప్పుకుంటుంది.) అరగదీశాను, కడిగాను, కొత్త ద్రావణం కలిపాను, పొట్లంలోంచి మళ్ళీ తూచి తీసుకున్నాను. మూడుసార్లూ తొంభై నాలుగే.

పెద్దసారు తన గదిలోంచి లేచి వచ్చారు. ఆయన లేచి రావడం ఎంత అరుదంటే, మా ల్యాబు గుమ్మం ఎక్కడుందో ఆయన ఒక్కక్షణం వెతుక్కున్నారు. తెర ముందు నిలబడి టీ చల్లారేదాకా చూశారు. సెప్టెంబరులో జరిగే శాస్త్రవేత్తల సభలో ఈ ఫలితం గురించి నన్నే మాట్లాడమన్నారు. సభలో నా పేరు రావడం ఇదే మొదలు పిన్నీ. ఈ ఆగస్టు ఆఖరుకి నా ఉద్యోగం గడువు తీరిపోతుంది, పొడిగింపు కాగితం ఆయన బల్ల సొరుగులో ఉంది. ఆ రోజు ఆయన దాన్ని బయటికి తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ లోపల పెట్టారు. దుమ్ము దులపడం మంచి శకునమని ఇక్కడివాళ్ళంటున్నారు.

ఒక్కటే నాకు మింగుడు పడలేదు. బీట్‌రూట్, దానిమ్మ తొక్క రెండూ బతిమాలితే ఇచ్చే రకాలు. మీ పొడి కొండ మాత్రం దాదాపు అడగ్గానే లేచింది, సరిగ్గా నిమ్మ, జామల్లో సి విటమిన్ లేచే చోట. ఆ మాట పెద్దసారుతో అంటే ఆయన నవ్వి, "మంచి వార్తని మరీ ఎక్కువ ప్రశ్నలు అడక్కూడదమ్మా, బెదిరి పారిపోతుంది" అన్నారు.

మీరు పొడిలో నిమ్మరసం గానీ ఏమైనా కలుపుతారా? నిజం చెప్పు, తప్పేం లేదు. అది తేలేదాకా ఈ అంకె ఎవరికీ చెప్పకు. బాబాయికి చెబితే ఫరవాలేదు, ఆయన దగ్గర మాట బావిలో రాయి.

నీ తూనీగ


జూలై 8

నా బంగారు తూనీగా,

తొంభై నాలుగా! లెక్కల్లో నీకే ఎప్పుడూ అన్ని రాలేదు కదే. డెబ్భై ఒకటి వస్తే మీ నాన్న వీధంతా బిస్కెట్లు పంచారు, మరి దీనికి నేనేం పంచాలి? మీ బాబాయి మాత్రం, మిగతా ఆరు మార్కులు ఎక్కడ పోయాయంటారు. ట్రేల మీద పడే దుమ్ము వల్లేనని ఆయన అభిప్రాయం. వెనక గది కిటికీకి దోమతెర కొట్టించాం. ఈసారి తొంభై ఎనిమిదికి తక్కువ రాకూడదు.

ఎవరికీ చెప్పొద్దన్నావు, చెప్పలేదు. మీ అమ్మకి, పక్క దర్జీ ఆవిడకి, పెట్టెలు అచ్చువేసే ఆయనకి, ఆకుపచ్చ పొడివాడికి, ఈ నలుగురికే. వాడికి చెప్పకపోతే ఎలా? వాడి మొహం కూడా ఆకుపచ్చగా తిరిగింది.

నిమ్మరసం మాట అడిగావు, మనసు చివుక్కుమంది. నిమ్మకాయ నీడ కూడా మా పొడి మీద పడదు. బీట్‌రూట్, దానిమ్మ తొక్క, ఇంతే. నీ మీద ఒట్టు. సొంత పిన్నిని అనుమానించేంత పెద్దదానివైపోయావా?

ఇక అసలు కబురు. మొన్న పెద్ద సూపర్ మార్కెట్ తాలూకు మనిషి వచ్చాడు, వాళ్ళకి నలభై చోట్ల దుకాణాలున్నాయట. మెడకి టై, చేతిలో కాగితాలు. పొట్లం వాసన చూశాడు, వేలితో రుద్దాడు, పెట్టె మీద అచ్చు చదివాడు. పెట్టె మీద ఏముందంటే: "మా అక్క కూతురు, శాస్త్రవేత్త, స్వయంగా పరీక్షించినది. నూటికి తొంభై నాలుగు." అతను చదివి, "కాగితం ఉందా అమ్మా?" అన్నాడు. ఉందన్నాను. అందుకని సర్టిఫికెట్ ఒకటి టైపు కొట్టించి పంపుతున్నాను. నువ్వు చెయ్యాల్సిందల్లా, కింద పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టిన చోట సంతకం.

అతను ఒప్పుకున్నాడంటే ఈ గది వదిలి వెనక వీధిలో షెడ్డుకి మారిపోతాం. ఆరబెట్టే పెద్ద మిషను చూసొచ్చాను, లోపల లైటుంటుంది. నా జీవితంలో మొదటిసారి నాకో చేతులు చాపుకునే చోటున్న గది, తూనీగా.

మీ పెద్దసారుకీ మీ ఆఫీసువాళ్ళకీ ఐదు కొత్త పొట్లాలు పెడుతున్నాను. చిగుళ్ళెలా ఉన్నాయి? తగ్గే ఉంటాయి.

పిన్ని


జూలై 17

పిన్నీ,

ఒక్కొక్కటే చెబుతాను, నాలుగో మాటకే అలిగి ఉత్తరం మడిచెయ్యకు.

ఒకటి, అది నూటికి కాదు. ఒక తెలిసిన పదార్థాన్ని పక్కన పెట్టి పోల్చి చెప్పే అంకె అది. మూడువందలైనా రావచ్చు. దోమతెర మంచిదే, ఉంచు. కానీ మార్కులు ఎక్కడికీ పోలేదు.

రెండు, నేను ఇంకా శాస్త్రవేత్తని కాను. ఆగస్టు దాకా ఉద్యోగం ఉన్న అమ్మాయిని.

మూడోది రాయడానికి రెండు రోజులు ఆగాను. నువ్వు పంపిన ఐదు పొట్లాల్లో మూడు విప్పి కొలిచాను. పదకొండు, పదకొండు, పన్నెండు. కొండ లేచింది సరైన చోటే, బీట్‌రూట్, దానిమ్మ తొక్క లేవాల్సిన చోట. ముందుసారి చూసిన కొండ అసలు లేనే లేదు. మీ పొడి మా క్యాంటీన్ టీ కన్నా తక్కువ పిన్నీ. ఎండలో అన్ని రోజులు ఆరితే ఏ పొడైనా అంతే, అందులో నీ తప్పేం లేదు. ఎదురు దుకాణం ఆకుపచ్చ పొడి కూడా తెప్పించి చూశాను. తొమ్మిది. వాడికి చెప్పకు.

మొదటి పొట్లంలో వేరే ఏదో ఉంది. బాగా గుర్తు తెచ్చుకో. ఆ రోజు ఏ గిన్నెలో కలిపావు, ముందు అందులో ఏముంది, చేతికి ఏమైనా రాసుకున్నావా, బాబాయి ఏమైనా వేశారా. నిన్ను అనుమానించడం లేదు. కొండని అనుమానిస్తున్నాను.

పెట్టెలు అచ్చువెయ్యడం ఆపు. నువ్వు పంపిన సర్టిఫికెట్ నా పుస్తకంలో ఉంది, దాని మీద ఏమీ రాయలేదు.

తూనీగ


జూలై 26

ఏమే,

గుర్తు తెచ్చుకోవడానికేముంది? నాకన్నీ గుర్తే. నీ పొట్లంలో పొడే ఉంది, అందులో నీ మందు ఉంది.

చిగుళ్ళ నుంచి రక్తం అని రాశావు కదా. మందుల దుకాణంలో అడిగితే సి విటమిన్ మాత్రలు వాడమన్నాడు. మాత్రలు పంపితే నువ్వు వేసుకోవు. చిన్నప్పుడు నీకిచ్చిన మాత్రలన్నీ మల్లె కుండీలో దొరికాయి, మొక్క మాత్రం దుక్కలా పెరిగింది. అందుకని ఒక అట్ట మొత్తం విప్పి, పది మాత్రలూ కల్వంలో మెత్తగా నూరి నీ పొట్లంలో కలిపి సీలు వేశాను. ఎర్రపొడిలో తెలుపు కనపడకుండా రెండుసార్లు జల్లించాను కూడా. ఇంట్లోవాళ్ళకి పంపేది, ఊళ్ళోవాళ్ళకి అమ్మేది ఒకటే అయితే ఇక ఇంట్లోవాళ్ళెందుకు?

నిమ్మరసం కలిపావా అని అడిగావు. కలపలేదు. మాత్రలు కలిపావా అని అడిగావా?

ఆగు. నువ్వు తాగలేదా? పరగడుపున, గోరువెచ్చని నీళ్ళలో అని అంత వివరంగా రాస్తే, తీసుకెళ్ళి మిషనుకి తాగించావా? నెల రోజులుగా నీ చిగుళ్ళు గట్టిపడుతున్నాయని నేను నిశ్చింతగా ఉంటే, గట్టిపడింది దాని చిగుళ్ళా?

సరే, అయిందేదో అయింది. నాకో మంచి ఉపాయం తట్టింది. ఇకనుంచి ప్రతి పొట్లంలోనూ ఓ అట్ట నూరి కలిపేస్తాం. అప్పుడు పెట్టె మీద ఉన్నదీ పొట్లంలో ఉన్నదీ ఒకటే అవుతుంది. అబద్ధం ఎక్కడుంది? మీ బాబాయి విని, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. దోమతెర బాగా కుదిరింది.

సూపర్ మార్కెట్ అతను వచ్చే నెల ఇరవైన వస్తాడు. కాగితం ఆలోగా.

పిన్ని


ఆగస్టు 3

పిన్నీ,

నీ ఉత్తరం గిన్నెల పక్కన నిలబడే చదివాను. నవ్వు ఆగక కడ్డీ కిందపడేశాను. బిళ్ళ పగల్లేదు. ఒక నెలంతా పది పుస్తకాలు తిరగేసి, ఎండినకొద్దీ పెరిగే కొత్త పదార్థమేదో దొరికిందేమోనని కలలు కన్నాను. అది మా పిన్ని కల్వంలోంచి వచ్చింది. మిషను మాత్రం మొదటిరోజే సరిగ్గా చెప్పింది, ఇది సి విటమినే అని. పెద్దసారూ నేనే వినలేదు.

నవ్వు అయ్యాక వెళ్ళి పెద్దసారుకి చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత, మనం కొలిచింది పొడిని, పొడిలోకి ఏది ఎలా వచ్చిందన్నది మన పని కాదు అన్నారు. నా ఉపన్యాసం శీర్షిక మారిస్తే సరిపోతుందట. ఆయనే కాగితం మీద రాసిచ్చారు: "గృహ పద్ధతిలో సమృద్ధం చేసిన ఎర్రపొడి." నువ్వు కల్వంలో నూరడాన్ని గృహ పద్ధతి అంటున్నారన్నమాట. రెండుసార్లు జల్లించావని కూడా చెప్పాను. అది కూడా రాయమన్నారు.

ఆయనా నువ్వూ ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోలేదు. అయినా ఆలోచన అచ్చుగుద్దినట్టు ఒకటే. అంకె ముందు వచ్చేసింది కాబట్టి, దానికి సరిపోయేలా మిగతా ప్రపంచాన్ని సర్దెయ్యడం. నువ్వు పొట్లాన్ని సర్దుతున్నావు, ఆయన శీర్షికని సర్దుతున్నారు.

ప్రతి పొట్లంలో అట్ట కలిపితే అబద్ధమెక్కడ అని అడిగావు. అప్పుడు నువ్వమ్మేది సి విటమిన్ మాత్రలు. బీట్‌రూట్ రంగు కోసం. అలా అమ్ముతానంటే అమ్ముకో, కానీ పెట్టె మీద "మాత్రలు" అని రాయి, నన్ను తీసెయ్యి. పదకొండు సిగ్గుపడాల్సిన అంకె కాదు. నీ పొడి రంగు బాగుంది, వాసన బాగుంది, శుభ్రంగా ఉంది. అదే రాయి.

పొడిగింపు కాగితం మళ్ళీ సొరుగు బయట ఉంది. పక్కనే కలం కూడా పెట్టారు. సంతకం మాత్రం నేనా శీర్షిక సభవాళ్ళకి పంపాకేనట. చూశావా, నా కాగితం మీద ఆయన సంతకం పెట్టాలి, నీ కాగితం మీద నేను పెట్టాలి. మధ్యలో పది మాత్రలు.

తూనీగ


ఆగస్టు 11

తూనీగా,

ఈసారి పొడి పంపడం లేదు, ఉత్తరం ఒక్కటే.

రెండు వేల పెట్టెలు అచ్చయిపోయాయి. గదిలో మాకు నిలబడే చోటు లేదు, పెట్టెల మీద కూర్చుని పెట్టెలు మడుస్తున్నాం. పదకొండు అని రాయమంటున్నావు. నూటికి పదకొండు తెచ్చుకున్న పిల్లని ఎవరైనా బళ్ళో చేర్చుకుంటారా? నూటికి కాదని నువ్వు అంటావు, కొనేవాళ్ళకి ఎవరు చెబుతారు? నువ్వొచ్చి దుకాణం ముందు నిలబడి కుర్చీల కథ చెబుతావా?

మా పక్కన ఉన్నవాళ్ళందరూ అబద్ధాలే అమ్ముతున్నారు. నేనొక్కదాన్నే తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో చేతులు ఎర్రబడేలా నిజమైన బీట్‌రూట్ తురిమాను. డాక్టరు బొమ్మ పెట్టుకోలేదు. నా దగ్గర ఉన్నది నువ్వే, నిన్ను పెట్టుకున్నాను. అది తప్పా?

నువ్వు బళ్ళో చేరిన మొదటిరోజు మీ అమ్మ చెయ్యి వదిలేసి నా కొంగు పట్టుకున్నావు. నీ మొదటి సంచీ కుట్టింది నేను. సంతకం ఒక్కటి, అదీ అర అంగుళం చోటు. ఆ పది మాత్రలు కూడా నీకోసమే కదే నూరింది.

పదమూడో తారీఖున ఆ సూపర్ మార్కెట్ అతను మీ ఆఫీసుకి కూడా ఉత్తరం రాస్తానన్నాడు, సర్టిఫికెట్ సంగతి నీ నోటే కనుక్కోవడానికట. అవునని ఒక్క ముక్క రాసెయ్యి.

నువ్వు పెడతావనే మీ బాబాయితో పందెం వేశాను. ఆయన పెట్టెలు మడుస్తూనే, "ఆ పిల్ల పెట్టదు. చిన్నప్పుడు కూడా గ్లాసు పగిలితే, ఎవరూ అడక్కముందే వచ్చి పగిలిందని చెప్పేది" అన్నారు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఇంత పొడుగు మాట మాట్లాడటం ఇదే మొదలు. నాకు కోపం వచ్చి ఆయనకి టీ ఇవ్వలేదు.

పిన్ని


ఆగస్టు 18

పిన్నీ,

బాబాయికి టీ ఇవ్వు.

సూపర్ మార్కెట్ అతని ఉత్తరం మొన్న వచ్చింది. ఆ పూటే జవాబు రాశాను. తొంభై నాలుగు వచ్చిన పొట్లంలో ఇంటివాళ్ళ కోసం కలిపిన మాత్రలున్నాయని, అమ్మే పొడికి పదకొండని, అంకె నూటికి కాదని. పొట్లంలో రాళ్ళూ రంగులూ నిలవకి వేసే మందులూ లేవని కూడా రాశాను, అవి విడిగా చూశాను కాబట్టి. తొమ్మిదేళ్ళుగా బీట్‌రూట్ నువ్వే తురుముతున్నావని రాశాను. అతను కొంటాడో లేదో నాకు తెలీదు. రాసిన దాని నకలు ఇందులో పెడుతున్నాను, నాతో కొట్లాడటానికి నీకు పనికొస్తుంది.

పెద్దసారుకి నిన్న చెప్పాను. ఆ శీర్షికతో మాట్లాడనన్నాను. పదకొండూ తొంభై నాలుగూ పక్కపక్కనే పెట్టి, ఇంటి మనిషి ప్రేమగా కలిపిన పది మాత్రలు ఒక ల్యాబు మొత్తాన్ని నెల రోజులు ఎలా తిప్పాయో, కొండ మొదటిరోజే చెప్పినా మేమెందుకు వినలేదో చెబుతానన్నాను. ఆయన కలానికి మూత పెట్టారు. కాగితం సొరుగులోకి వెళ్ళింది. ఈసారి దుమ్ము దులపలేదు.

నా బల్ల మీద ఉన్నవి రెండు పెట్టెల్లోకి సర్దాను. నల్లబిళ్ళని చివరిసారి అరగదీసి, కడిగి, దూదిలో పెట్టి, తర్వాత వచ్చే వాళ్ళ కోసం చీటీ రాశాను. పక్క వీధిలో నీళ్ళు పరీక్షించే ల్యాబులో మనిషి కావాలట, సోమవారం వెళ్తున్నాను. వాళ్ళు అంకెలు పెద్దవి వస్తే భయపడతారు, ఆ తేడా ఉంది. సభవాళ్ళకి నేనే నేరుగా రాశాను. నా సొంత పేరు మీద పది నిమిషాలు ఇచ్చారు, మధ్యాహ్నం భోజనాల ముందు, ఎవరూ వినని వేళ.

చిగుళ్ళు తగ్గాయి. దుకాణంలో మాత్రలు కొనుక్కుని వేసుకున్నాను, కుండీలో పాతెయ్యలేదు.

ఈ ఉత్తరం నువ్వు టైపు కొట్టించిన సర్టిఫికెట్ వెనకవైపు రాస్తున్నాను. తిప్పి చూస్తే నీ పెన్సిలు ఇంటూ మార్కు కనిపిస్తుంది, పక్కన ఖాళీ. మళ్ళీ టైపు కొట్టించి పంపకు.

మీ పొడికి పదకొండు. సంతకం పెట్టను.

తూనీగ